కుదురులేని కాళ్ళు

పిల్లలూ!

"కుదురుగా కూర్చో", "వీడికి ఒక్కచోట కుదురు లేదు" అని ఇంట్లో పెద్దలు అంటుండగా మీరు వినే ఉంటారు. కుదురు అంటే ఏమిటో మీకు తెలుసునా? పూర్వం మన ఊళ్ళలో నీళ్ళు నిలవ ఉంచుకోవడానికి మట్టికుండలు వాడేవారు. కుండ అడుగు గుండ్రంగా ఉంటుంది. నేలమీద ఉత్తగా పెడితే ఒరిగిపోతుంది. అందుచేత ఎండుగడ్డినో, తాటాకునో గుండ్రంగా చుట్టి, దానిమీద కుండను నిలిపేవారు. ఆ చుట్టకు కుదురు అని పేరు. కుదురు మీద పెట్టిన కుండ కదలదు. కుదురు తీసివేస్తే నిలవదు.

మనిషి కాళ్ళకు కుదురు తప్పించే జబ్బు ఒకటి ఉన్నది. ఆ జబ్బు ఉన్నవారు పగలు అందరిలాగే తిరుగుతారు, పనులు చేసుకుంటారు. పొద్దు గుంకిన తరువాత కూర్చున్నా, పడుకున్నా వారి కాళ్ళలో ఏదో అలజడి మొదలవుతుంది. కాళ్ళు కదపకుండా ఉండలేరు. లేచి నాలుగడుగులు వేస్తే హాయిగా ఉంటుంది. వచ్చి పడుకుంటే మళ్ళీ మొదలు. వైద్యులు దీనిని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. ఈ పాఠంలో మనం దీనిని 'కుదురులేని కాళ్ళ జబ్బు' అని పిలుచుకుందాం.

ఇది పెద్దవాళ్ళకే వస్తుందని అనుకోకండి. అమెరికాలోను, బ్రిటన్‌లోను 8 నుండి 17 ఏండ్ల వయసు పిల్లలున్న కుటుంబాలను విచారించి, 2007లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. నూటికి సుమారు ఇద్దరు పిల్లలలో ఈ జబ్బు లక్షణాలు కనిపించాయి. ఆ లెక్కన ఐదువందల మంది చదివే బడిలో పదిమందికి ఇది ఉండవచ్చు. ఆ పదిమందిలో మీ పక్కన కూర్చునే స్నేహితుడు ఉండవచ్చు. మీరే ఉండవచ్చు. అందుచేత దీనిని గురించి తెలుసుకోవడం మంచిది.

ఈ జబ్బును ఎట్లా గుర్తించాలి? దీనికి నాలుగు గుర్తులు చెబుతారు. మొదటిది, కాళ్ళు కదపాలన్న ఆపుకోలేని తహతహ. తరచు దానితోపాటు కాళ్ళ లోపల, చర్మం కింద, చెప్పరాని బాధ ఉంటుంది. రెండవది, విశ్రాంతిగా ఉన్నప్పుడే అది మొదలవుతుంది, లేదా ఎక్కువవుతుంది. మూడవది, కాళ్ళు కదిపితే, చాచితే, నడిస్తే తగ్గుతుంది. కదలిక ఆపితే తిరిగి వస్తుంది. నాలుగవది, సాయంత్రమూ రాత్రీ ఎక్కువగా ఉంటుంది. తెల్లవారేసరికి తగ్గుతుంది. ఈ నాలుగూ ఉండి, వాటికి వేరే కారణం ఏదీ లేదని తేల్చుకున్న తరువాతనే వైద్యుడు ఇది ఫలానా జబ్బు అని చెబుతాడు.

దీనిని పోలినవి మరికొన్ని ఉన్నాయి. వాటికీ దీనికీ తేడా తెలియాలి. బాసింపట్టు వేసుకుని చాలాసేపు కూర్చుంటే కాలికి తిమ్మిరి ఎక్కుతుంది. అది నరం మీద ఒత్తిడి పడటంవల్ల వచ్చేది. కాలు చాచుకుంటే కాసేపటికి పోతుంది. నిద్రలో ఒక్కొక్కసారి పిక్క పట్టేస్తుంది. అప్పుడు కండరం గట్టిపడి, ముట్టుకుంటే రాయిలాగా తగులుతుంది. కుదురులేని కాళ్ళ జబ్బులో కండరం అట్లా గట్టిపడదు. కొందరు పిల్లలకు కాళ్ళ నొప్పులు వస్తే, "ఎదిగే వయసు, అట్లాగే ఉంటుంది" అంటారు. అనేకసార్లు ఆ మాట నిజమే. కాని నొప్పికంటె తహతహ ఎక్కువగా ఉండి, లేచి నడిస్తే అది తగ్గుతున్నట్లయితే, వైద్యునికి చెప్పాలి.

ఇక కాళ్ళు ఊపే అలవాటు సంగతి. కూర్చుని కాళ్ళు ఊపితే ఇంట్లో లక్ష్మి నిలవదని మన పెద్దలు మందలిస్తారు. పరధ్యానంలో కాళ్ళు ఊపేవారు చాలామంది ఉన్నారు. అది అలవాటు మాత్రమే. చెబితే ఆపగలరు. ఆపినందువల్ల వారికి బాధ కలగదు. కుదురులేని కాళ్ళ జబ్బు ఉన్నవారు కాసేపు బలవంతంగా ఆపగలిగినా, ఆపినకొద్దీ బాధ పెరుగుతుంది. బయటనుండి చూసేవారికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. అందుచేత గద్దించేముందు, "కాళ్ళలో ఏమైనా బాధగా ఉందా?" అని ఒక్కమాట అడగాలి.

ఈ జబ్బు కొత్తగా పుట్టినది కాదు. థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1672లో లాటిన్ భాషలో అచ్చయిన తన గ్రంథంలో దీనిని వర్ణించాడు. పడక చేరగానే కాళ్ళూ చేతులూ అదిరిపడి, నిద్రకు దూరమై అల్లాడిన రోగులను ఆయన చూశాడు. ఆ తరువాత చాలాకాలం దీనిని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. కొందరు వైద్యులు ఇది నరాల బలహీనత అన్నారు, మరికొందరు మనసు పుట్టించే బాధ అన్నారు. స్వీడన్ దేశంలో కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ అనే నరాల వైద్యుడు ఇటువంటి రోగుల మాటలు ఓపికగా విన్నాడు. ఒకరిని ఒకరు ఎరుగని మనుష్యులు ఒకేరకంగా చెబుతున్నారని గమనించాడు. 1945లో దీనిమీద ఒక గ్రంథం ప్రచురించాడు. రెస్ట్‌లెస్ లెగ్స్ అన్న పేరు ఆయన పెట్టినదే. అందుకే దీనికి విల్లిస్ ఎక్‌బోమ్ వ్యాధి అనే పేరు కూడా ఉన్నది. ఎక్‌బోమ్ 1907 సెప్టెంబరు 23న పుట్టాడు. ఏటా ఆ తేదీనే ఈ జబ్బును గురించి ప్రజలకు తెలియజెప్పే దినంగా పాటిస్తున్నారు.

మరి ఇది ఎందుకు వస్తుంది? బాధ కాళ్ళలో ఉన్నా, దాని మూలం ఎక్కువగా మెదడులో ఉన్నది. మెదడులో డోపమిన్ అనే పదార్థం ఒక వార్తాహరుని వంటిది. శరీరపు కదలికలను అదుపులో ఉంచే వార్తలను అది ఒక కణం నుండి మరొక కణానికి చేరవేస్తుంది. డోపమిన్ తయారుకావాలంటే ఇనుము కావాలి. మీరు విన్నది నిజమే. మేకులు, గొలుసులు చేసే ఇనుమే అతి కొద్ది పరిమాణంలో మన ఒంటికి కూడా అవసరం. కొందరు రోగులు చనిపోయిన తరువాత తమ మెదడును పరిశోధనకు దానం చేశారు. అమెరికా శాస్త్రజ్ఞులు వాటిని పరీక్షించి, మెదడులో డోపమిన్ తయారయ్యే ఒక చోట ఇనుము తక్కువగా ఉన్నట్లు 2003లో ప్రకటించారు.

ఈ జబ్బు కుటుంబాలలో కూడా దిగి వస్తుంది. ఇంతకుముందు చెప్పుకున్న 2007 నాటి అధ్యయనంలో, జబ్బు ఉన్న పిల్లలలో పదింట ఏడుగురికి పైగా, తల్లికో తండ్రికో అదే బాధ ఉన్నట్లు తెలిసింది. అదే సంవత్సరం శాస్త్రజ్ఞులు దీనితో సంబంధమున్న కొన్ని జన్యువులను కూడా కనిపెట్టారు. కనుక పిల్లవాడు రాత్రి కాళ్ళు తన్నుకుంటుంటే, "నీకూ ఇట్లా ఉండేదా?" అని నాన్నను, నాయనమ్మను అడిగి చూడాలి. "నాకూ ఉండేదిరా, ఎవరికీ చెప్పుకోలేదు" అనే జవాబు రావచ్చు.

గర్భిణీ స్త్రీలకు ఈ బాధ తరచు వస్తుంది. ప్రసవమైన తరువాత చాలామందికి పోతుంది. మూత్రపిండాలు చెడిపోయినవారికి కూడా ఇది ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం పేరు మీ పెద్దలు ఎరిగి ఉంటారు. కొబ్బరితోటలకు, జీడితోటలకు పేరుపొందిన ఆ చోట మూత్రపిండాల జబ్బు ఊరూరా వ్యాపించి ఉన్నది. ఆ జబ్బు ముదిరినవారు రక్తాన్ని శుద్ధి చేయించుకోవాలి. దానినే డయాలిసిస్ అంటారు. ఒక్కొక్క విడతకు సుమారు 4 గంటలు పడుతుంది. నాలుగు గంటలు కదలకుండా పడుకోవడం ఎవరికైనా కష్టమే. కాళ్ళకు కుదురు లేనివారికి అది ఎంత పరీక్షో ఆలోచించండి.

ఇనుము సంగతి మన తెలుగువారు ప్రత్యేకంగా పట్టించుకోవలసినది. భారత ప్రభుత్వం 2019 నుండి 2021 వరకు జరిపించిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో 57.6 మంది అని తేలింది. రక్తహీనతకు ముఖ్యకారణాలలో ఇనుము లోపం ఒకటి. రక్తహీనత ఉన్న ప్రతివారికీ కాళ్ళ జబ్బు రాదు. కాని ఇనుము తక్కువైనవారికి అది వచ్చే అవకాశం ఎక్కువ. వచ్చినవారికి బాధ కూడా ఎక్కువ.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. మామూలు రక్తపరీక్షలో రక్తం బాగానే ఉన్నట్లు కనిపించినా, ఒంట్లో ఇనుము నిలవ తక్కువగా ఉండవచ్చు. వంటింట్లో డబ్బా నిండా బియ్యం ఉన్నా, గాదె ఖాళీ అయి ఉండవచ్చు గదా! ఈ గాదెను కొలిచే పరీక్ష పేరు ఫెరిటిన్. ఈ కాళ్ళ జబ్బు ఉన్న పిల్లలలో ఫెరిటిన్ లీటరు రక్తద్రవానికి 50 మైక్రోగ్రాములకంటె తక్కువైతే, పెద్దలలో 75, అంతకు తక్కువైతే, ఇనుము మందు ఇచ్చే విషయం వైద్యులు ఆలోచిస్తారు. ఇతర ప్రయోగశాలల పట్టికలలో అంతకంటె తక్కువ అంకెను కూడా 'మామూలే' అని రాయవచ్చు. అందుచేత ఆ పరీక్ష చేయించమని అడగడంతో సరిపోదు, వచ్చిన అంకెను కాళ్ళ బాధతో కలిపి చూడమని కూడా అడగాలి.

ఇప్పుడు ఈ పాఠంలో అన్నిటికంటె ముఖ్యమైన విషయం చెబుతాను. జాగ్రత్తగా చదవండి. ఎముక విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. జ్వరం వస్తే థర్మామీటరు చెబుతుంది. కుదురులేని కాళ్ళ జబ్బును నిర్ధారణ చేసే ఫొటోగాని, రక్తపరీక్షగాని లేదు. ఫెరిటిన్ పరీక్ష కారణాన్ని వెతకడానికే ఉపయోగపడుతుంది. జబ్బు ఉన్నదా లేదా అనేది రోగి చెప్పే మాటలను బట్టి తేలుతుంది. అంటే ఈ జబ్బుకు మాటే పరీక్ష. చెప్పడం చేతకాకపోతే జబ్బు దొరకదు.

చెప్పడం అంత తేలిక కాదు. ఇంగ్లీషు మాట్లాడేవారు కూడా దీనికి మాట దొరకక తడుముకుంటారు. తెలుగులో ఒంటిబాధకు ఎన్ని మాటలు ఉన్నాయో చూడండి. కాళ్ళు పీకుతున్నాయి అంటాం. లాగుతున్నాయి, గుంజుతున్నాయి అంటాం. సలుపుతున్నాయి అంటాం. జివ్వుమంటున్నాయి అంటాం. చీమలు పాకినట్లుంది, పురుగు తొలిచినట్లుంది అంటాం. ఇవన్నీ ఒకటి కాదు. సలుపు అంటే నాడి కొట్టుకున్నట్లు ఆగి ఆగి వచ్చే నొప్పి. పీకడం అంటే లోపలనుండి ఎవరో లాగుతున్నట్లు ఉండే బాధ. ఒక్కొక్క మాట వైద్యునికి ఒక్కొక్క ఆనవాలు.

ఇప్పుడు మీ ఇంటికి గుంటూరు నుండో, వరంగల్లు నుండో అమ్మమ్మ వచ్చిందనుకోండి. రెడ్‌మండ్‌లో ఆమెకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నడిజామున వంటింటికీ హాలుకూ మధ్య తిరుగుతున్నది. అందరూ ప్రయాణ బడలిక అనుకున్నారు. నెల గడిచినా తిరుగుడు ఆగలేదు. "కాళ్ళు పీకుతున్నాయి నాన్నా, పడుకోనివ్వడం లేదు" అని ఆమె మీతో అన్నది. ఆసుపత్రిలో ఆ మాటను ఎవరైనా "కాళ్ళ నొప్పులు" అని మాత్రమే ఇంగ్లీషులో చెబితే, వైద్యుడు మోకాళ్ళు చూసి, నొప్పి మాత్ర రాసి పంపవచ్చు. "పడుకోనివ్వడం లేదు" అన్న రెండు మాటలు దారిలో జారిపోయాయి. అసలు జబ్బు ఆ రెండు మాటలలోనే ఉన్నది.

అమెరికాలో ప్రభుత్వ ధనం పొందే ఆసుపత్రులు, ఇంగ్లీషు బాగా రాని రోగులకు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలని చట్టం ఉన్నది. తెలుగు దుబాసీ కావాలని ముందుగా అడగవచ్చు. అత్యవసర పరిస్థితిలో తప్ప చిన్నపిల్లలను దుబాసీలుగా వాడకూడదని కూడా నియమం ఉన్నది. కనుక వైద్యుని గదిలో అనువాదం చేసే బరువు మీది కాదు. మీరు చేయగల పని ఇంట్లోనే ఉన్నది. అమ్మమ్మ పక్కన కూర్చుని, ఆమె చెప్పినది చెప్పినట్లు తెలుగులో ఒక కాగితం మీద రాయండి. బాధ ఎన్ని గంటలకు మొదలైంది? అప్పుడు కూర్చుని ఉన్నదా, పడుకుని ఉన్నదా? నడిస్తే తగ్గిందా? ఆ రోజు ఏ మందులు వేసుకున్నది? వారం రోజులు ఇట్లా రాస్తే, ఆ కాగితం దుబాసీకీ వైద్యునికీ ఎంతో సహాయం చేస్తుంది. మీరు నేర్చుకున్న తెలుగు రాత దీనికంటె మంచిపనికి ఏమి ఉపయోగపడుతుంది?

ఇక బాధ తగ్గించుకునే ఉపాయాలు చూద్దాం. అలజడి మొదలుకాగానే లేచి కాసేపు నడవాలి. పిక్కలు సాగేటట్లు గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనుకకు చాచి నిలబడాలి. కాళ్ళు మెల్లగా ఒత్తించుకోవచ్చు. పడుకునేముందు గోరువెచ్చని నీళ్ళ స్నానం కొందరికి హాయినిస్తుంది. మరికొందరికి చల్లని గుడ్డ చుట్టుకుంటే మేలు. మనసును ఒక పనిలో నిమగ్నం చేయడం కూడా మంచి ఉపాయమే. ఊరికే కూర్చున్నప్పుడు పెరిగే అలజడి, అష్టాచెమ్మా ఆడుతున్నప్పుడు, పొడుపుకథ విప్పుతున్నప్పుడు తగ్గవచ్చు. ఈసారి అమ్మమ్మకు కాళ్ళు పీకుతుంటే పొడుపుకథలు పొడవమని అడగండి. ఇద్దరికీ లాభమే.

రోజూ మితమైన వ్యాయామం మంచిది. రెడ్‌మండ్‌లో శమామిష్ నది వెంబడి చక్కని నడకదారి ఉన్నది. శమామిష్ సరస్సు కొసన మేరీమూర్ పార్కు ఉన్నది. వేసవిలో నడకకు కొరత లేదు. చలికాలంతోనే చిక్కు. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం 4 గంటల 20 నిమిషాల ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. పైగా వాన ముసురు. మన ఊరిలో సాయంకాలం గుడికో, అంగడికో నడిచివెళ్ళే అలవాటున్న పెద్దలు, ఇక్కడ నాలుగు గోడల మధ్య సోఫాలో కూర్చుండిపోతారు. చాలాసేపు కదలకుండా కూర్చోవడమే ఈ బాధకు అనువైన సమయం. అందుచేత చలికాలంలో పగటి వెలుగు ఉండగానే, గొడుగు పట్టుకుని అయినా వారిని నడకకు తీసుకువెళ్ళండి. పడుకునేముందు మాత్రం ఆయాసం వచ్చేటంత వ్యాయామం చేయకూడదు.

కాఫీ, టీ, కోలా పానీయాలలో కెఫీన్ ఉంటుంది. అది కొందరిలో ఈ బాధను పెంచుతుంది. మధ్యాహ్నం తరువాత మానివేసి చూడడం మంచిది. మరొక ముఖ్యమైన జాగ్రత్త మందుల విషయంలో. వసంతకాలం రాగానే ఇక్కడ చెట్ల పుప్పొడి వల్ల తుమ్ములు, ముక్కు కారడం మొదలవుతాయి. దానికి చాలామంది దుకాణంలో బెనడ్రిల్ వంటి మాత్రలు కొని వేసుకుంటారు. రాత్రి నిద్రకోసమని అమ్మే కొన్ని మాత్రలలో కూడా అదే మందు ఉంటుంది. నిద్ర తెప్పించే ఆ మందే కాళ్ళ అలజడిని పెంచవచ్చు. వాంతులు ఆగడానికిచ్చే కొన్ని మందులు, మనోవ్యాధులకిచ్చే కొన్ని మందులు కూడా అంతే. అట్లాగని వైద్యుడు రాసిన మందును మీకై మీరు ఆపకూడదు. కాళ్ళ బాధను గురించి చెప్పి, మార్చవచ్చునేమో అడగాలి.

హైదరాబాదు నుండి సియాటిల్ వరకు విమానప్రయాణం, మధ్యలో మారడంతో కలిపి, ఇరవై గంటలకు పైబడుతుంది. ఈ బాధ ఉన్నవారికి నడవ పక్కన ఉన్న సీటు అడిగి తీసుకోవాలి. మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయడానికి వీలుంటుంది.

తిండి విషయానికి వద్దాం. మాంసం, చేపలలోని ఇనుము ఒంటికి తేలికగా పడుతుంది. శాకాహారులు పప్పులు, శనగలు, నువ్వులు, తోటకూర వంటివి తినాలి. వాటితోపాటు నిమ్మ, ఉసిరి, జామ వంటివి తింటే, వాటిలోని విటమిన్ సి వల్ల ఇనుము మరింత బాగా ఒంటబడుతుంది. తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకోవడం రుచికే కాదు, బలానికి కూడా మంచిది. భోజనంతోపాటు టీ, కాఫీ తాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు. ఇనుము మాత్రలను మాత్రం రక్తపరీక్ష చేయించకుండా, వైద్యుడు చెప్పకుండా వేసుకోకూడదు. ఎక్కువైన ఇనుము ఒంటికి కీడు చేస్తుంది. చిన్నపిల్లలు ఆ మాత్రలను మిఠాయి అనుకుని మింగితే ప్రాణాపాయం కలుగుతుంది. అందుచేత వాటిని అందని ఎత్తులో, మూత బిగించి ఉంచాలి.

ఇన్ని చేసినా తగ్గకపోతే మందులు ఉన్నాయి. 2005లో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ ఈ జబ్బుకు మొదటి మందుగా రోపినిరోల్‌ను అనుమతించింది. అది డోపమిన్ వలె పనిచేస్తుంది. మొదట ఎంతో మేలు చేసినట్లు కనిపించింది. కాని ఏళ్ళ తరబడి వాడినవారిలో చాలామందికి బాధ తిరగబెట్టింది. రాత్రి వచ్చేది మధ్యాహ్నమే రావడం, కాళ్ళనుండి చేతులకు పాకడం మొదలైంది. అందుచేత అమెరికా నిద్రావైద్య సంస్థ 2025 జనవరిలో ప్రచురించిన సూచనలలో, ఆ తరగతి మందులను మామూలుగా వాడవద్దని చెప్పింది. ముందు ఇనుము నిలవలు చూడమని, తరువాత అవసరమైతే వేరే తరగతి మందులు ఇవ్వమని చెప్పింది. నిన్నటి గొప్ప మందును కూడా తిరిగి పరీక్షించి చూడటం శాస్త్రానికి ఉన్న మంచి గుణం.

పిల్లలూ! మీకే ఈ బాధ ఉంటే సిగ్గుపడకండి. అమ్మానాన్నలకు చెప్పండి. బడిలో చాలాసేపు కూర్చోలేకపోతే, మధ్యలో లేచి నిలబడటానికి, కాస్త నడవడానికి అనుమతి అడగవచ్చు. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ విభాగం ప్రకారం, ఆరోగ్యలోపం వల్ల చదువుకు ఆటంకం కలిగే పిల్లలకు ప్రభుత్వ బడులు ఇటువంటి వెసులుబాట్లు కల్పించాలి. రాత్రి నిద్ర చాలని పిల్లవాడు పగలు చిరాకు పడతాడు, పాఠం మీద మనసు నిలపలేడు. అతనిని సోమరి అనీ, అల్లరివాడు అనీ అనేముందు, రాత్రి ఎట్లా గడిచిందో అడగాలి.

మీకు ఈ బాధ లేకపోతే, ఉన్నవారి మాట నమ్మండి. కంటికి కనిపించని బాధకు మొదటి మందు నమ్మకం. విల్లిస్ చూశాడు, ఎక్‌బోమ్ విన్నాడు. రోగుల మాటను కొట్టిపారేయకుండా విన్నందువల్లనే ఈ జబ్బుకు ఒక పేరు వచ్చింది, దారి దొరికింది. కుండకు గడ్డిచుట్ట కుదురైనట్లు, బాధపడేవారికి పక్కన ఉండి వినే మనిషి కుదురు.

అభ్యాసం

1. కొత్త మాటలు
కుదురు = కుండను నిలిపే చుట్ట; నిలకడ
తహతహ = ఆపుకోలేని ఆరాటం
అలజడి = కలత, నిలకడలేమి
ఉపాయం = పని నెరవేర్చుకునే మార్గం
గాదె = ధాన్యం నిలవ చేసే పెద్ద పాత్ర లేక గది
దుబాసీ = ఒకరి భాషను మరొకరికి తెలియజెప్పేవాడు
బడలిక = అలసట
నడిజాము = అర్ధరాత్రి వేళ
వెసులుబాటు = వీలు, సదుపాయం

2. ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి
(అ) కుదురులేని కాళ్ళ జబ్బుకు నాలుగు గుర్తులు ఏవి?
(ఆ) కాళ్ళు ఊపే అలవాటుకూ ఈ జబ్బుకూ తేడా ఏమిటి?
(ఇ) ఎక్‌బోమ్ ఏమి గమనించాడు?
(ఈ) ఫెరిటిన్‌ను గాదెతో ఎందుకు పోల్చారు?
(ఉ) "ఈ జబ్బుకు మాటే పరీక్ష" అన్న వాక్యాన్ని మీ సొంత మాటల్లో వివరించండి.
(ఊ) చలికాలంలో రెడ్‌మండ్‌లో ఉండే పెద్దలకు ఈ బాధ ఎందుకు పెరగవచ్చు? మీరు ఏమి చేయగలరు?

3. ఖాళీలను పూరించండి
(అ) మెదడులో వార్తాహరునివంటి పదార్థం పేరు ______.
(ఆ) విల్లిస్ ఈ జబ్బును ______ సంవత్సరంలో వర్ణించాడు.
(ఇ) నిమ్మ, ఉసిరి తింటే ______ బాగా ఒంటబడుతుంది.
(ఈ) ఆసుపత్రిలో రోగి మాటను మరొక భాషలో చెప్పేవాడు ______.

4. భాషాంశం
'జివ్వు' అనే ధ్వనికి 'అను' చేరి 'జివ్వుమను' అయింది. ఇట్లాగే చుర్రుమను, గుయ్యిమను, భగ్గుమను అనే మాటలు ఏర్పడ్డాయి. వీటిని మీ సొంత వాక్యాలలో వాడండి. ఇటువంటి మాటలు మరో మూడు ఇంట్లో పెద్దలను అడిగి రాయండి.

5. చేయవలసిన పని
ఇంట్లోని పెద్దలను అడిగి, ఒంటిబాధను తెలిపే తెలుగు మాటలు పది సేకరించండి. ఒక్కొక్క మాట ఎటువంటి బాధకు వాడతారో పక్కన రాయండి. ఒకే బాధకు వేరువేరు జిల్లాలవారు వేరువేరు మాటలు వాడితే వాటిని కూడా రాసి, తరగతిలో చదివి వినిపించండి.